అక్కను అడుగు

మొన్న మంగళవారం మధ్యాహ్నం మూడు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలకు నా ఫోను మోగింది. తెలియని నంబరు.

"అక్క ఉన్నదాండి?" అంది ఒక ఆడపిల్ల గొంతు.

"ఏ అక్క?"

"ఏ అక్కనో నాకు తెల్వదండి. అక్కను అడుగుమని వచ్చింది. కింద గీ నంబరున్నది."

"ఎక్కడ వచ్చింది?"

"కంప్యూటర్ల."

ఎక్కడి నుంచి మాట్లాడుతున్నావని అడిగాను. నేను పని చేసి రిటైరైన బాయి ఆఫీసు నుంచే. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటాం. ఆ అమ్మాయి మస్టర్ క్లర్కట, చేరి ఎనిమిది నెలలైందట. పద్నాలుగేళ్ళ కింద నేను లేచి వచ్చిన కుర్చీ అది. షిఫ్టులో ఎంతమంది దిగారు, ఎంతమంది పైకి వచ్చారు, ఆ రెండూ సరిపోయాయా అని చూసుకుని షిఫ్టు మూయడం మస్టర్ క్లర్కు పని.

"తెర మీద ఏమున్నదో ఉన్నదున్నట్టు చదువు బిడ్డా."

"బత్తి సున్న. అక్క ఒకటి. తేడా ఒకటి. అక్కను అడుగు."

చేతిలో పెన్ను ఉంది కాబట్టి రాసుకున్నాను. రాసింది మళ్ళీ ఒకసారి చదువుకున్నాను.

"ఉన్నరా అమ్మా? సార్ ఒక పది నిమిషాలు ఆగుమంటున్నడు. కంప్యూటర్ పాగల్ అయిందట. బంద్ చేసి మళ్ళ పెడితే పోతదట."

"ఆగకు. బోర్డు కాడికి పో. ఫోను పెట్టెయ్యకుండ పో."

బాయిలోకి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి, తలకు పెట్టుకునే బత్తి తీసుకుంటాడు. పైకి వచ్చాక బత్తి ఇచ్చేసి బిళ్ల తీసుకుంటాడు. బోర్డు మీద మేకుకు బిళ్ల వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. ఆ అమ్మాయి నడిచిన చప్పుడు, ఆయాసం, ఎవరినో జరగమనడం అన్నీ ఫోనులో విన్నాను.

"ఒక్క బిళ్ల ఉన్నదమ్మా."

"నంబరు చదువు. ఆ మనిషి బత్తి ఉన్నదో లేదో చూడు. ఇంటికి ఫోను చెయ్యి. వాని గొంతు నువ్వే వినాలె, ఇంకొకరు విన్నమంటే ఒప్పుకోకు."

తొమ్మిది నిమిషాల తర్వాత మళ్ళీ ఫోను. గొంతులో నవ్వు. "ఇంట్ల కూసొని అన్నం తింటున్నడమ్మా. బత్తి తనే చార్జింగుకు పెట్టి, బిళ్ల మర్చిపోయి పోయిండు. 'బత్తి పెట్టిన గదా, మనిషిని వచ్చిన గదా, ఇంకేం గావాలె మీకు' అని గరమైతున్నడు."

"కానియ్యి. టైం రాసి షిఫ్టు మూసెయ్యి."

"అమ్మా, మరి గీ అక్క మీరేనా? ఇది ఎవరు పెట్టిండ్రు?"

ఆఫీసులో అందరూ నన్ను మేడం అనేవారు, కొందరు అమ్మ అనేవారు. అక్క అని పిలిచినవాడు ఒక్కడే. అతను బెల్లంపల్లిలో పోయి ఆ మంగళవారానికి ఇరవై మూడు రోజులు. ఆదివారం పొద్దున గుండెపోటు. వయసు యాభై ఎనిమిది, నాకంటే పదహారేళ్ళు చిన్న. నాకు తెలిసింది పద్నాలుగో రోజున. అప్పటికి దినాలు కూడా అయిపోయాయి.

పేరు రాయను. రాయవలసిన కాగితంలోనే ఒకసారి రాయలేదు, ఇప్పుడెందుకు.

*

మనిషి పొట్టి. చొక్కా కుడి చెయ్యి మడిచేవాడు, ఎడమ చెయ్యి మడవకుండా బొత్తాం పెట్టుకునేవాడు. ఆ చేతికి రెండు వేళ్ళు లేవు. బాయిలో పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బులు కలిపే పనిలో ఉన్నప్పుడు రెండు టబ్బుల మధ్య పోయాయి. కింద పనికి పనికిరాడని పైకి పంపారు. ముందు బత్తి గదిలో వేశారు, తర్వాత కంప్యూటరు గదిలో కాగితాలు అందించడానికి. అందిస్తూ అందిస్తూ నేర్చుకున్నాడు. మా బాయి ఆఫీసులో అప్పట్లో ఉన్నవి నల్ల తెరలు. వాటి మీద ఒక్కొక్క వరుసగా హుకుములు రాసిపెడితే కంప్యూటరు వాటిని పైనుంచి కిందికి చేసుకుంటూ పోతుంది. దాన్ని షెల్ స్క్రిప్టు అంటారని అతనే చెప్పాడు.

"ఎనిమిది వేళ్ళతోటి ఎట్ల కొడ్తవయ్యా?" అని ఎవరో అడిగితే, "ఎనిమిదే కాబట్టి తప్పులు ఎనిమిదే పడుతున్నయి. పది ఉంటే పది పడుతుండె," అన్నాడు.

క్యాంటీను చాయ్ గ్లాసు తాగే ముందు కడిగేవాడు. అందరం తాగాక కడుగుతాం. అతను తాగి అట్లాగే పెట్టేవాడు. క్యాంటీనామె తిట్టేది. "నీ ఇంట్ల గూడ గిట్లనే ఎంగిలి గ్లాసు పెడ్తవా?"

"తాగినోడు కడిగిండో లేదో తాగెటోనికేం తెల్సు? తాగెటోడే కడుక్కోవాలె. అండ్ల ముందటోని చాయ్ ఉండొద్దు," అనేవాడు. గ్లాసు ఎత్తి వెలుతురుకు పెట్టి, అడుగు చూసి, అప్పుడు పోయించుకునేవాడు. స్క్రిప్టులో కూడా అంతే. ఏ లెక్క మొదలుపెట్టినా ముందు వరుసలో ఆ లెక్కను సున్న చేసేవాడు. పని ముగిసినప్పుడు వేలి కణుపులతో బల్ల మీద రెండుసార్లు తట్టేవాడు. టక్, టక్. ఆ చప్పుడు వింటే షిఫ్టు అయిందని మాకు తెలిసేది.

బిళ్లల లెక్క కంప్యూటరులోకి వస్తుందని చెప్పిన రోజు నేను ఒప్పుకోలేదు. "నీ లెక్క నువ్వు పెట్టుకో. నా పుస్తకం నేను రాస్తా. ప్రతి షిఫ్టుకూ బోర్డు దగ్గరికి పోయి నా చేత్తో ముట్టి లెక్కపెడతా," అన్నాను. మిగతావాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు.

"ముట్టి లెక్కవెట్టుడే అసలుదక్కా. నాది వట్టి రాత," అన్నాడు.

మొదట్లో ఒక తమాషా జరిగింది. స్క్రిప్టు మొదలైన మొదటి వారం, ప్రతి షిఫ్టు కాగితం అడుగున "ఇంకా పైకి రానివారు" అన్న చోట ఒకటే పేరు వస్తోంది. జాబితాలో అందరికంటే చివర ఉన్నవాడు. టబ్బులు లాగే తాడు మోటరు దగ్గర పని చేసే పొడుగాటి మనిషి. నాలుగో రోజు కిటికీ దగ్గరికి వచ్చి లోపలికి తల పెట్టాడు.

"అన్నా, నేను రోజు పైకి వస్తున్న. ఇంటికి పోతున్న. పెండ్లాం తోటి తిట్లు గూడ తింటున్న. మీ కంప్యూటర్ల మాత్రం నేను కిందనే ఉంటున్న. జర నన్ను పైకి తియ్యుండ్రి."

కంప్యూటరు ముందున్న అతను పగలబడి నవ్వి, బత్తి గది నుంచి పన్నెండు బిళ్లలు తెచ్చి నా బల్ల మీద పోశాడు.

"ఒక్కటి తీస్కో అక్కా. నంబరు చదువు. ఇంకోటి తీసుకునే ముందట చేతిలది మేకుకు తగిలియ్యి. గట్ల చేస్కుంట పో."

చేశాను. పన్నెండోది చదివాను. బల్ల ఖాళీ అయింది.

"అయిపోయింది," అన్నాను.

"అయిపోయినంక చేతిల ఏమున్నదో సూడు."

చివరి బిళ్ల నా చేతిలోనే ఉంది.

"గంతే. లూపు అంటే గిదే. ఒక్కొక్కటి చేతిలకు తీసుకునుడు, పని చేసుడు. అయిపోయింది అంటే చెయ్యి ఖాళీ అయింది అని కాదక్కా, తీసుకునేటందుకు ఇంకోటి లేదని. చివరిది చేతిలనే ఉంటది, కొత్తది పెట్టిందాక. నేను పేరు అనే దాంట్ల ఒక్కొక్కని పేరు తీసుకుంట పోయిన. అయిపోయినంక కింద మళ్ళ అదే పేరు అచ్చువెయ్యుమన్న. ఖాళీ ఉంటదనుకున్న. పాపం ఆ పొడుగాయన అండ్లనే ఉన్నడు."

ఆ రోజు నుంచి అది అతని ఊతపదమైంది. పెళ్ళి నుంచి వచ్చినా, యూనియన్ మీటింగు నుంచి వచ్చినా, ఎవరైనా "అయిపోయింది" అంటే చాలు, "అయిపోయినంక చేతిల ఏమున్నదో సూడు" అనేవాడు. ఒకసారి జీపు తాళం చెవితో ఇంటికి పోయిన డ్రైవరును అదే మాట అని రెండు నెలలు ఏడిపించాడు.

మూడేళ్ళు అట్లా గడిచాయి. అతని కాగితం, నా పుస్తకం రోజూ పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్ళం. చిన్న తేడాలు వచ్చాయి. కొన్ని అతనివి, రెండు నావి. నావి కూడా రాసిపెట్టుకున్నాను.

*

ఆ తర్వాత ఆ బుధవారం వచ్చింది. నాకు యాభై నాలుగేళ్ళు.

మొదటి షిఫ్టు మూడింటికి అయిపోయింది. మూడూ నలభైకి నేను బోర్డు దగ్గరికి పోయాను. మూడు బిళ్లలున్నాయి. ముట్టి లెక్కపెట్టాను, మూడే. తిరిగి వచ్చి కాగితం చూశాను. "లోపల మిగిలినవారు: 0."

కాగితం అతని ముందు పెట్టాను. నా పుస్తకం పక్కన పెట్టాను. అతను రెండూ చూసి లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు. తెర మీద వరుసలు పైకీ కిందికీ తిప్పాడు. పది నిమిషాల్లో దొరికింది.

తొమ్మిది రోజుల కింద ఒక సార్ జాబితాను నంబర్ల వరుసలో పేర్చి ఇమ్మన్నాడట. అందుకని పేర్చిన జాబితాను ఒక గొట్టం లాంటి దాని గుండా నేరుగా లూపులోకి పోసేటట్టు మార్చాడు. అట్లా పోస్తే ఆ లూపు పక్క గదిలో నడిచినట్టు నడుస్తుంది. గది తెరిచినప్పుడు మన దగ్గరున్న లెక్కల నకలు ఒకటి అక్కడికి పోతుంది. అక్కడ ఒకటి, రెండు, మూడు అని పెంచుకుంటూ పోతుంది. లూపు అయిపోగానే గది మూసేస్తారు. అక్కడి లెక్క ఇవతలికి రాదు. ఇవతల మనం మొదట పెట్టిన సున్న అట్లాగే ఉంటుంది.

"లోపటోడు లెక్క సక్కగనే వెట్టిండక్కా," అన్నాడు. "మూడే లెక్కవెట్టిండు. గని తలుపు ముయ్యంగనే వాడు పోయిండు, లెక్క వానితోనే పోయింది. చివరిది చేతిల మిగులుతదని నీకు జెప్పినోన్ని నేనే. గొట్టం పెడితే అది గూడ మిగలదని నాకు తెల్వకపాయె."

గ్లాసు ముందే కడిగే అలవాటు వల్ల వచ్చిన ముప్పు అది. ముందు సున్న చేయకపోతే ఆ చోటు ఖాళీగా అచ్చయ్యేది, ఎవరైనా ఇదేమిటని అడిగేవారు. కడిగిన గ్లాసు కాబట్టి సున్న అని శుభ్రంగా వచ్చింది. తొమ్మిది రోజులు ఎవరూ అడగలేదు. నా పుస్తకంతో పోల్చి చూడవలసిన నేను కూడా మూడేళ్ళు సరిపోయింది కదా అని ఆ తొమ్మిది రోజులు పోల్చలేదు. అది నా తప్పు. వెనక్కి తిప్పి చూస్తే ఆ తొమ్మిది రోజుల్లో నాలుగుసార్లు షిఫ్టు మూసే వేళకు బోర్డు మీద బిళ్లలున్నాయి, కాగితంలో సున్న ఉంది.

నాలుగూ పదికి ఆ ముగ్గురూ పైకి వచ్చారు. మనుషుల్ని పైకి లాగే తాడు ఆగిపోతే నడిచి వచ్చారట. ఎవరికీ ఏమీ కాలేదు. బిళ్లలు తీసుకుని, బీడీలు ముట్టించుకుని పోయారు.

నేను తెల్ల కాగితం తీశాను.

"ఏం జేస్తున్నవక్కా?"

"మేనేజరుకు రాస్తున్న."

"ఒక్క పూట ఆగు. రేపు పొద్దుగాల్లకు సరిజేస్త. సరిజేసి నేనే పోయి సార్‌కు చెప్త. నా నోటితోటి చెప్త. ఒక్క పూట."

చెబుతాడని నాకు తెలుసు. మాట మీద నిలబడే మనిషి. రెండు వేళ్ళు లేని చెయ్యి నా కాగితం అంచు మీద పెట్టాడు. లాగలేదు, ఊరికే పెట్టాడు.

"చెయ్యి తియ్యి," అన్నాను.

తీశాడు. నేను రాశాను. తేదీ, సమయం, బోర్డు మీద బిళ్లలు మూడు, కాగితంలో సున్న, తొమ్మిది రోజులు, నాలుగుసార్లు, నేను పోల్చకపోవడం. ఆరు వరుసలు. అతని పేరు రాయలేదు. రాయకపోయినా అది ఎవరి పనో ఆఫీసులో ఎవరికి తెలియదు?

ఎందుకు ఆగలేదో అతనికి చెప్పలేదు. ఇక్కడ చెబుతాను. అంతకు ఇరవై ఏడేళ్ళ కింద నా భర్త ఇంకొక బాయిలో దిగాడు. షిఫ్టు మూసే వేళకు ఆయన బిళ్ల బోర్డు మీదనే ఉంది. మస్టర్ రాసేవాడు అడిగితే పక్కనున్నవాళ్ళు "ఆగు, వస్తడు, వెనుక వస్తున్నడు" అన్నారట. అతను మంచివాడే. ఆగాడు. ఆగి, వస్తాడు కదా అని వచ్చినట్టు రాసేశాడు. పై కప్పు కూలిన చోటికి మనుషులు పోయేసరికి రెండు గంటలు దాటింది. ఆయన ఉద్యోగం బదులు నాకు ఉద్యోగం ఇచ్చారు. మస్టర్ పుస్తకమే అడిగి తీసుకున్నాను. ముప్పై మూడేళ్ళు రాశాను.

"ఆగు" అనే మాటకు నేను ఆగలేను. ఈ ఒక్క ముక్క ఆ రోజు చెప్పి ఉంటే నిమిషం కూడా పట్టేది కాదు. నేను సరిగ్గా ఉన్నప్పుడు కారణం చెప్పే అలవాటు నాకు లేదు. అతను మాత్రం అక్క తనను నమ్మలేదనుకున్నాడు. ముఖం చూస్తే తెలిసింది.

విచారణ జరిగింది. అతన్ని కంప్యూటరు గది నుంచి తీసి బెల్లంపల్లి వైపు ఒక బాయిలో బత్తి గదికి వేశారు. అప్పటికే అక్కడ బాయిలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. పిల్లలు ఇక్కడ చదువుతున్నారని మొదటి ఏడాది రోజూ పోయి వచ్చాడు, తర్వాత ఇల్లు అక్కడికే మార్చాడు. ఎవరైనా నా గురించి ఒక మాట తూలితే, "అక్క రాసింది నిజమే గదా, అండ్ల తప్పేమున్నది" అనేవాడని విన్నాను.

పోయే రోజు క్యాంటీనుకు వచ్చాడు. గ్లాసు కడిగాడు, వెలుతురుకు పెట్టి చూశాడు, చాయ్ పోయించి నా ముందు పెట్టాడు. తను తాగలేదు.

"అయిపోయింది అక్కా ఇగ," అన్నాడు. తర్వాత అనవలసిన మాట అనలేదు. బల్ల మీద తట్టనూ లేదు.

ఆ చాయ్ తాగాను. చక్కెర ఎక్కువైంది.

*

ఆ తర్వాత ఒక్కసారే చూశాను, నాలుగేళ్ళ కింద, పెద్ద దవాఖానలో మందుల వరుసలో. జుట్టు సగం పోయింది. చొక్కా ఎడమ చెయ్యి అట్లాగే బొత్తాం పెట్టి ఉంది. నన్ను చూసి వరుస వదిలి వచ్చాడు.

"అక్కా! ఇంక బతికే ఉన్నవా? నీ లెక్కల భయానికి యముడు గూడ వస్తలేడా?"

"బీపీ గోలీ రోజుకొకటి. ముప్పై ఇయ్యాలె, ఇరవై ఎనిమిదే ఇచ్చిండ్రు. అడగనీకె నిలబడ్డ."

పగలబడి నవ్వాడు. బెల్లంపల్లిలో మళ్ళీ కంప్యూటరు పనే చేయిస్తున్నారట. తను రాసినది ఇప్పుడు ఇక్కడి బాయిల్లో కూడా నడుస్తోందన్నాడు. ఏం రాశాడో చెప్పలేదు. కూతురు నర్సింగు అయిందన్నాడు.

"ఆ బుధవారంది నీ పుస్తకంల ఉన్నదా అక్కా?"

"ఉన్నది."

"ఏమని?"

"మూడు అని."

"అంతేనా? నా పేరు లేదా?"

"లేదు."

తల ఊపాడు. ఇప్పుడే చెప్పాలని నోరు తెరిచాను. మావారి బిళ్ల గురించి. అంతలో కిటికీలో నా నంబరు పిలిచారు. రెండు గోలీలు తీసుకుని వచ్చేసరికి అతను వరుసలో లేడు. బెల్లంపల్లి బస్సు టైమయి ఉంటుంది.

*

మంగళవారం ఫోను వచ్చిందా, బుధవారం పొద్దున షేరాటో ఎక్కి బాయి గేటు దగ్గర దిగాను. కావలివాడు పాతవాడు కాదు. పుస్తకంలో సంతకం పెట్టించుకుని, బయటివాళ్ళకిచ్చే బిళ్ల చేతిలో పెట్టాడు. లోపలికి పోయాను. కుర్చీ మారింది, బల్ల అదే.

ఆ అమ్మాయి లేచి తన కుర్చీ ఇచ్చింది. ఇరవై నాలుగేళ్ళుంటాయి. అడిగితే తండ్రి ఉద్యోగం వచ్చిందని చెప్పింది. తండ్రి ఏమయ్యాడని నేను అడగలేదు.

"అది రాసిన వరుసలు నాకు చూపియ్యి," అన్నాను.

తెరిచింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. తను ఒక్కొక్కటే చదివి చెప్పింది. మొదట ఇంకా తిరిగి రాని బత్తుల లెక్క, బత్తి అనే పేరుతో. దాన్ని సున్న చేశాడు. ఈసారి జాబితాను గొట్టం గుండా పోయలేదు, ముందు ఒక ఫైలులో పెట్టి అక్కడి నుంచి తీసుకున్నాడు, లెక్క పక్క గదిలో ఉండిపోకుండా. లూపు అయిపోగానే పేరును ఖాళీ చేశాడు. పొడుగాయన కోసం. తర్వాత బిళ్లల లెక్క, మొదటి దానితో సంబంధం లేకుండా, క్లర్కు బోర్డు దగ్గర ముట్టి లెక్కపెట్టి కొడితే తప్ప ముందుకు పోని లెక్క. దాని పేరు అక్క. రెండూ సమానమైతే షిఫ్టు మూసుకుంటుంది. కాకపోతే మూసుకోదు. నా నంబరు చూపిస్తుంది.

"దీని కింద రెండు వరుసలున్నయమ్మా," అంది. "ముందట గీ గుర్తు ఉంటే కంప్యూటర్ ఆ వరుస చదువది. వదిలిపెట్టి పోతది. మనుషుల కోసమే రాస్తరు."

"చదువు."

"తేడా వస్తే ఎవ్వరు ఆగుమన్నా ఆగొద్దు. నేను ఒక్కసారి ఆగుమన్న, అది తప్పు."

మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివింది. గొట్టం గురించి ఏమీ లేదు. తొమ్మిది రోజుల గురించి లేదు. తన తప్పుగా అతను రాసుకున్నది ఆ ఒక్క పూటే.

మావారి సంగతి నేను చెప్పకుండానే ఎవరైనా చెప్పారో, తనే తెలుసుకున్నాడో, ఏమీ తెలియకుండానే రాశాడో ఇక తేలదు. ఆ లెక్క ఉన్న గది తలుపు మూసుకుంది.

"ఎప్పుడు రాసిండో ఉన్నదా?"

"తారీకున్నదమ్మా." చెప్పింది. మనసులో తీసివేశాను. దవాఖానలో కలవడానికి పదకొండేళ్ళ ముందు, అతను బెల్లంపల్లిలో ఉండగా. అంటే మందుల వరుసలో తన పేరు లేదా అని అతను అడిగేనాటికే, నన్ను పిలిచే పిలుపు ఈ వరుసల్లో ఉంది.

కళ్ళద్దాలు తుడుచుకున్నాను. ఆ అమ్మాయి చాయ్ తెస్తానంది. వద్దన్నాను.

"ఆ నంబరు తీసెయ్యి," అన్నాను.

"మీదా అమ్మా? ఎందుకు? నిన్న మీరు ఎత్తబట్టే గదా..."

"నిన్న ఎత్తిన. నాకు డెబ్బై నాలుగు. ఒకనాడు మోగుతనే ఉంటది, ఎత్తెటోళ్ళుండరు. నువ్వు ఇంకొకరు వచ్చిందాక ఎదురుచూసుకుంట కూసుంటవు. నీ నంబరు పెట్టు. నీ తర్వాత ఎవరొస్తే వాళ్ళది పెట్టుమని చెప్పిపో."

"మరి అక్క అనేది?"

"అది ఉండనీ. రేపు వచ్చెటోళ్ళు నిన్ను అక్క అనకపోతే ఏమంటరు?"

పది అంకెలు కొట్టింది. ఒక్కొక్క అంకె పైకి చదివించి, తన ఫోను మీద నంబరుతో సరిచూశాను. ఏడో అంకె తప్పు కొట్టింది. దిద్దించాను. తెర మీద నా నంబరు లేదు.

బయటికి వచ్చాను. ఎండ. షేరాటో ఆగి ఉంది, లోపల ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఎక్కబోతూ రాడ్డు పట్టుకోవడానికి పిడికిలి విప్పాను. అందులో బిళ్ల ఉంది.

"ఎక్కుండ్రమ్మా, పోదాం," అన్నాడు ఆటో అతను.

వెనక్కి నడిచాను. గేటు దగ్గరికి డెబ్బై ఒక్క అడుగులు. కావలివాడు నన్ను చూసి కుర్చీలోంచి లేచాడు. "అయ్యో, దీని కోసమా అవ్వా? ఎండల ఎందుకు మళ్ళ నడిచినవు? ఎప్పుడన్న గిటు వచ్చినప్పుడు ఇస్తే అయిపోతుండె."

బిళ్ల అతని చేతిలో పెట్టాను. మేకుకు తగిలించేదాకా నిలబడి చూశాను. పుస్తకం తిప్పి ఇటు పెట్టమన్నాను. నా పేరు ఎదురుగా టైం వేశాను, పదకొండూ నలభై. కింద, లోపల మిగిలిన బయటివారు అన్న గడిలో, అతను రాయకుండా వదిలేసిన సున్నను నేనే రాశాను.